బ్రెజిల్ సీరియళ్ల మధ్య దాచిన గొంతు

ఎల్పీడియాను మనం వదిలిపెట్టేసరికి ఆవిడ విప్పదీసిన కంప్యూటరు ముందు, చేతిలో కత్తితో నేల మీద చతికిలబడి ఉంది. కత్తి అనగానే కంగారు పడకండి. హవానాలోని ఆ లుయానో పేటలో ఆ కత్తిని ఎరగనివాళ్లు లేరు. చుట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసినన్నాళ్లూ పొగాకు కోసిన అర్ధచంద్రపు రేకు అది. రిటైరయ్యాక స్క్రూలు విప్పడానికి పనికొస్తోంది. ఆ రోజు కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది, ఆఖరిసారి మాత్రం ఎక్కడి కోపమో తెచ్చుకుని ఒక్క ఊపున వచ్చింది. లోపలి హార్డ్ డిస్కు కాసేపు టిక్కుటిక్కుమని మూలిగి ఆగిపోయింది. దాంతో పాటే అబెలార్దో గొంతూ పోయింది.

అబెలార్దో ఆవిడ భర్త. కాలం చేసి నాలుగేళ్లయింది. ఫ్యాక్టరీలో ఎత్తు పీట మీద కూర్చుని, చుట్టలు చుట్టేవాళ్లకు పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల చదివి వినిపించడం అతని ఉద్యోగం. ముందు గొంతును, తరవాత మనిషిని ప్రేమించి పెళ్లాడింది ఎల్పీడియా. రిటైరయ్యాక అతను ఆవిడ ఒక్కదాని కోసం సొంతంగా ఒక సీరియల్ అల్లాడు. చుట్టలు చుట్టే పిల్ల, చదివి వినిపించే కుర్రాడు, వాళ్లిద్దరి కాపురం. సాయంత్రం కాఫీ తాగి, మైకు ముందు కూర్చుని ఒక్కో భాగం చెప్పి రికార్డు చేసేవాడు. అందులో వాళ్ల సంసారమంతా ఉంది, బయటివాళ్ల చెవిన పడకూడనివి కూడా ఉన్నాయి. ఆ రికార్డింగులకు ఎక్కడా రెండో కాపీ లేదు. ఉండనిచ్చేది కాదు ఎల్పీడియా.

ఎందుకు ఉండనిచ్చేది కాదంటే, ఆవిడకు కంప్యూటర్ల విషయంలో అభిప్రాయాలున్నాయి. అలాంటివీ ఇలాంటివీ కావు. పాత విండోస్‌ను మార్చనివ్వదు. "అది నాతో ఏ పేచీ పెట్టలేదు, నేనెందుకు దాన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టాలి?" అంటుంది. కెమెరా కంటికి మందుల షాపులో కొన్న ప్లాస్టరు అంటించి ఉంటుంది. ఇంటర్నెట్టు లేని కంప్యూటరులోంచి నిన్నెవడు చూస్తాడమ్మా అని నవ్వితే, "ఇవాళ లేదు, రేపొస్తుంది, రేపటికి నేను మర్చిపోతాను" అనేది ఆవిడ జవాబు. పార్కులో వైఫై కోసం బెంచీల మీద చేరి, ఫోను ఎత్తి పట్టుకుని, అల్లుడి తాగుడు సంగతి ఊరంతటికీ వినపడేలా అరిచేవాళ్లను చూస్తే ఆవిడకు ఒళ్లు మండిపోతుంది. ఇక కాపీ సంగతి అడిగితే, "కాపీ అంటే గోడకు కన్నం. ఒకటి పెట్టాక రెండోదాన్ని ఎవడు ఆపుతాడు?" అని తేల్చేసేది. ఆ పట్టుదలే ఇప్పుడు ఆవిడ కొంప ముంచింది. రిపేరు చేసే అతను డిస్కును చెవి దగ్గర పెట్టుకుని విని, తల అడ్డంగా ఊపి తిరిగి చేతిలో పెట్టేశాడు.

అప్పటినుంచి ఆవిడ సరిగ్గా తిన్నది లేదు. పైగా ఈ వారం ఇరుగుపొరుగు ఒకలాగా ప్రవర్తిస్తున్నారు. రెండో అంతస్తు తొమాసా, మెట్ల మీద ఎదురైతే ముఖం తిప్పుకునే మనిషి, పాలూ గుడ్లూ కలిపి చేసే తీపి, గిన్నెడు ఫ్లాన్ తెచ్చిచ్చి కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయింది. రొట్టెల క్యూలో జనం తప్పుకుని దారిచ్చారు. డిస్కు పోయిందని జాలి కాబోలు అనుకుంది ఎల్పీడియా. కానీ హవానాలో డిస్కు పోయినవాళ్లకు క్యూలో దారివ్వడం ఎన్నడూ విన్నది కాదు.

ఆ శనివారం పొద్దున ఓస్మెల్ వచ్చాడు.

వారం వారం ప్యాకెట్టు తెచ్చేది ఓస్మెలే. ఇంటర్నెట్టు ఇంటింటికీ లేని ఊళ్లో సినిమాలూ సీరియళ్లూ పాటలూ ప్రోగ్రాములూ అన్నీ ఒక పెద్ద డిస్కులో కూర్చి చేతి నుంచి చేతికి, బస్సు నుంచి బస్సుకు పంపుతారు. అదే ప్యాకెట్టు. ఓస్మెల్ దాన్ని వీపు సంచిలో వేసుకుని వచ్చి, వైరు తగిలించి, అడిగినవి కాపీ చేసి పోతాడు. ఎల్పీడియాతో కలిసి చుట్టలు చుట్టిన స్నేహితురాలి కొడుకు, ఇద్దరు పిల్లల తండ్రి. "పిన్నీ, కాఫీ ఉందా?" అని అరవకుండా అతను ఆ గడప దాటిన రోజు లేదు. ఆ పూట అరవకుండా దాటాడు.

"డిస్కు దొరికిందా?" అంది ఎల్పీడియా.

"దొరికింది. పాతదే కానీ గట్టి పిండం. ఓ పళ్ల డాక్టరుది."

"తుడిచావా? జనాల దవడలు నాకెందుకు?"

"తుడిచాను పిన్నీ. నీ పాత విండోసే మళ్లీ ఎక్కించాను."

"తుడిచానంటావు. తుడవడమంటే తలుపు మీది పేరు చెరపడమేరా, సామాను లోపలే ఉంటుంది. దాని మీద మళ్లీ మళ్లీ రాయాలి. నీకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పెడుతోంది."

మామూలుగా అయితే ఓస్మెల్ ఇక్కడో జోకు వేసేవాడు. వెయ్యలేదు. ఎల్పీడియా కత్తి మొనతో స్క్రూలు బిగించింది. మూత పెట్టని పెట్టె పక్కన టేబుల్ ఫ్యాను తిప్పింది. లోపలి ఫ్యాను ఏనాడో కాలిపోయింది మరి. తెర వెలిగింది. ఓస్మెల్ తన డిస్కు తగిలించి, మౌసు పట్టుకుని, చెయ్యి కదపకుండా ఉండిపోయాడు.

"ఏంట్రా, నిద్రపోతున్నావా?"

"పిన్నీ, నీకొకటి వినిపిస్తాను. ముందు ఆ కత్తి అవతల పెట్టు."

"పెట్టను. ఏంటో వినిపించు."

అతను నొక్కాడు. స్పీకర్లలో కాస్త గరగర, ఆ గరగర వెనక వీధిలో ఎవరో ఉల్లిపాయలమ్ముతున్న కేక. ఆ వీధి ఇదే వీధి. ఆ తరవాత ఒక మనిషి గొంతు సవరించుకున్నాడు.

"నిన్న ఎక్కడ ఆపాం? ఆ, పిల్ల కత్తితో బల్ల మీద కొట్టింది. అందరికంటే ఆఖరున కొట్టింది, అందరికంటే గట్టిగా కొట్టింది. పీట మీది కుర్రాడు పుస్తకంలోంచి తలెత్తాడు..."

ఎల్పీడియా చేతిలోంచి కత్తి జారి నేల మీద పడింది. ఆ శబ్దం ఆవిడకు వినపడలేదు. నాలుగేళ్ల కిందట మట్టిలో కలిసిపోయి, పది రోజుల కిందట రెండోసారి చచ్చిపోయిన మనిషి, ఓస్మెల్ డిస్కు మీంచి, ప్లాస్టరు అంటించిన కెమెరా కింద నుంచి, కాఫీ తాగిన గొంతుతో మాట్లాడుతున్నాడు. ఆవిడ చెయ్యి చాచి స్పీకరు మీద అరచెయ్యి ఆనించింది. అతని గొంతు అరచేతికి తగిలింది. ఓరి దేవుడా, నిజంగా తగిలింది!

ఆ భాగం అయిపోయేదాకా ఇద్దరూ కదల్లేదు.

"ఎక్కడిదిరా ఇది?" అంది చివరికి, గుసగుసగా.

"తూర్పు నుంచి వచ్చింది పిన్నీ. బస్సులో. బుధవారం."

"తూర్పేంటి? ఇది నా గదిలోదిరా. నా కంప్యూటరులోది. తూర్పుకెలా పోయింది?" గుసగుస కాస్తా కేకైంది. కత్తి మళ్లీ చేతిలోకి వచ్చింది. "నువ్వు తీశావు! అమ్మలాంటి దాన్ని కదరా, నేనటు తిరగ్గానే నా మొగుణ్ని దొంగిలించావా?"

"నేను తియ్యలేదు. నువ్వే ఇచ్చావు."

"నేనా!"

"పోయినేడాది, తూర్పున ఓల్గీన్‌లో మా బావ డిస్కు పాడైంది, బ్రెజిల్ సీరియళ్లన్నీ పోయాయి, తూర్పువాళ్లు నన్ను చంపుతున్నారు అని నీ దగ్గర ఏడిస్తే, 'నా దగ్గర మొత్తం ఉన్నాయి, బ్రెజిల్ ఫోల్డరు అంతా తీసుకుపోరా' అన్నావు. నువ్వు కాఫీ పెట్టడానికి వెళ్లావు. నేను తీసుకున్నాను. అందులో 'మర్సెలీనా పగ' అని ఒకటుంది."

ఎల్పీడియా నెమ్మదిగా కుర్చీలో కూలబడింది.

మర్సెలీనా పగ! ఆ పేరు పెట్టింది ఆవిడే. దొంగలు తాళం ఉన్న చోటే వెతుకుతారు, తాళం లేని చోట ఎవరూ చూడరు అన్నది ఆవిడ అభిప్రాయాలన్నిటిలోకీ గొప్పది. అందుకని అబెలార్దో గొంతును పాస్‌వర్డు కింద దాచలేదు. అందరికీ మొహం మొత్తిన పాత బ్రెజిల్ సీరియళ్ల నడుమ, అన్నిటికంటే బోరు కొట్టే పేరు పెట్టి దాచింది. ఆ తెలివికి అప్పట్లో తనకు తనే మురిసిపోయింది. సీరియల్ అంటే పడిచచ్చే దేశంలో, సీరియళ్ల మధ్య దాచింది మహాతల్లి.

"ఎంతమంది విన్నారు?"

ఓస్మెల్ తల గోక్కున్నాడు. "ఎలా లెక్కపెడతాం పిన్నీ? మా బావ వారానికి రెండు భాగాలు ప్యాకెట్టులో పెట్టాడు. ఓల్గీన్, బయామో, సాంతియాగో, అక్కణ్నుంచి కొండల్లోకి. చేపల పడవల్లో వింటున్నారట. మంగలి షాపుల్లో పెడుతున్నారట. బస్సు డ్రైవర్లు భాగం అయ్యేదాకా స్టాపులో బండి కదపడం లేదట. ఒకటే గొడవ, ఇన్ని భాగాలయ్యాయి, ఆ మర్సెలీనా ఎప్పుడొస్తుందని."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆవిడకు. అంతలో ఒక సంగతి గుర్తొచ్చి ముఖం ఎర్రబడింది.

"ఆ వాన పడ్డ రాత్రి భాగం... అందులో నా వీపు మీది పుట్టుమచ్చ..."

"నేను వినలేదు."

"అబద్ధాలాడకు."

"విన్నాను," అన్నాడు ఓస్మెల్ నేల చూస్తూ. "బయామోలో ఆ భాగానికి గిరాకీ ఎక్కువట."

"చచ్చాను!" ఎల్పీడియా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కెమెరాకు ప్లాస్టరు వేసుకున్న మనిషి. పార్కులో ఫోను మాట్లాడేవాళ్లను చూసి ముక్కు విరిచిన మనిషి. ఆవిడ వీపు మీది పుట్టుమచ్చ గురించి ఇప్పుడు సగం దీవికి తెలుసు. "తీయించెయ్. అంతా తీయించెయ్. ఎవడు పెట్టాడో వాడికి చెప్పు."

"పోయినవి వెనక్కి రావు పిన్నీ. కానీ హవానా ప్యాకెట్టు ఇవాళ మధ్యాహ్నం బయల్దేరుతుంది. అందులో మొత్తం ఉంది. నువ్వు వద్దంటే ఇప్పుడే ఫోను చేస్తాను, తీసేస్తారు. ఈ డిస్కులోది నీకు ఉంటుంది. నీకు, నీ గదికి. ఎప్పటిలాగే."

"చెయ్యి మరి. చూస్తావేం?"

ఓస్మెల్ ఫోను తీశాడు. నంబరు నొక్కబోయి ఆగాడు. "ఒక్కటి చూసి చెప్పు. మా బావ పంపాడు. ఆ తరవాత నీ ఇష్టం."

చిన్న తెర మీద ఒక వీడియో. కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసింది. పొడుగాటి హాలు. వరసల్లో బల్లలు, బల్లల ముందు మనుషులు, చేతుల్లో పొగాకు ఆకులు. తూర్పున ఎక్కడో చుట్టల ఫ్యాక్టరీ. ఆ హాలు ఆవిడ ఎన్నడూ చూడలేదు, అయినా ప్రతి బల్లా తెలిసినదే. ముందు చదివేవాడి పీట ఉంది. దాని మీద మనిషి లేడు. మైకు ముందు ఒక చిన్న స్పీకరు పెట్టి ఉంది.

ఆ స్పీకరులోంచి అబెలార్దో చదువుతున్నాడు.

కాదు, చెబుతున్నాడు. హాలంతా వింటోంది. ఎవరి చేతులూ ఆగలేదు, ఎవరూ తలెత్తలేదు. మంచి చోటు వచ్చినప్పుడు చుట్టేవాళ్లు అలాగే వింటారని ఎల్పీడియాకు తెలుసు. చేతులు తమ పని తాము చేసుకుపోతాయి, మనిషి మాత్రం అక్కడ ఉండడు. ఒక ముసలావిడ పెదాలు అతని మాటలతో పాటే కదులుతున్నాయి. అబెలార్దో ఎప్పటి మాటతోనే ఆపాడు, "మిగతాది రేపు" అని.

ఆ పైన మొదలైంది. ఒక బల్ల మీద కత్తి తట్టిన చప్పుడు, తరవాత పది, తరవాత హాలు మొత్తం. చుట్టేవాళ్లు చప్పట్లు కొట్టరు, కత్తి వెనకవైపుతో బల్ల మీద కొడతారు. ఆ చిన్న ఫోను ఆ మోతను పట్టలేక గరగరమంది. రిటైరయ్యాక అబెలార్దో ఒక్క సంగతికే బెంగపడ్డాడు. ఆ చప్పుడు మళ్లీ వినకుండానే పోతానేమోనని. వినకుండానే పోయాడు. ఇదిగో, ఇప్పుడు కొడుతున్నారు. పేరు తెలియని మనిషికి, ముఖం చూడని మనిషికి, ఖాళీ పీటకు అంతమందీ కొడుతున్నారు.

ఎల్పీడియా లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆవిడకే తెలియదు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

"ఇంతమందా!" అంది. "ఓస్మెల్, ఇంతమందిరా! నేనొక్కదాన్నే గదిలో తలుపేసుకుని వింటున్నాననుకున్నాను."

వీడియోలో మోత తగ్గింది. అంతా ఆగాక, ఈ గదిలో, ఎల్పీడియా కత్తి తిప్పి పట్టుకుని టేబుల్ మీద ఒక్క దెబ్బ కొట్టింది. అందరికంటే ఆఖరున, అందరికంటే గట్టిగా. టేబుల్ మీది కప్పులు ఎగిరాయి.

"ఫోను లోపల పెట్టు," అంది. "పోనియ్యి. హవానా కూడా విననియ్యి. పుట్టుమచ్చ ఉంటే ఉంది. నా ఒక్కదానికే ఉందా ఏం, లోకంలో?"

ఓస్మెల్ నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. ఫోను జేబులో పెట్టి, మళ్లీ మౌసు మీద చెయ్యి వేశాడు.

"ఇంకొకటుంది పిన్నీ."

"ఇంకేముంటుంది? ఆఖరు భాగం నాకు కంఠతా వచ్చు. పిల్ల సముద్రం ఒడ్డున ఒక ఇంటి తలుపు తడుతుంది. లోపల్నుంచి అడుగుల చప్పుడు. మిగతాది రేపు అంటాడు. ఆ రేపు మళ్లీ రాలేదు. జబ్బు చేసింది, గాలి మార్పుకని వాళ్ల అక్క దగ్గరకు హిబారా వెళ్లాడు. అక్కడే పోయాడు."

"దాని తరవాత ఒకటుంది."

ఎల్పీడియా తెర దగ్గరకు జరిగి, వరసగా ఉన్న ఫైళ్లను కిందిదాకా చూసింది. అన్నీ ఆవిడ పెట్టిన పేర్లే, ఆవిడ పద్ధతిలోనే. అట్టడుగున ఒకటి మాత్రం వేరే చేతిది. పేరు లేదు. ఫోనులో రికార్డు చేసినది.

"మన దగ్గర్నుంచి పోయినప్పుడు ఇది లేదు," అన్నాడు ఓస్మెల్. "మా బావ ఆరా తీశాడు. హిబారాలో చేరిందట. ఎవరో ముసలావిడ మనవడి చేత పెట్టించిందట."

ఎన్రికేటా! అబెలార్దో అక్క. సముద్రం ఒడ్డునే ఆవిడ ఇల్లు. అతను పోయిన రోజు బస్సు దొరక్క ఆలస్యంగా చేరిన ఎల్పీడియా, శవం పక్కన నిలబడి, "వదినా, నాకేమైనా చెప్పాడా?" అని అడిగితే, "ఏమీ చెప్పలేదు" అని ముఖం తిప్పుకున్న ఎన్రికేటా. ఆ ఒక్క మాటతో రెండిళ్ల మధ్య మాటలు తెగిపోయాయి. చెప్పే ఉంటాడని ఎల్పీడియాకు తెలుసు. ఎందుకు దాచిందో మాత్రం తెలియలేదు. అలా దాచినదాన్ని ఇప్పుడు దేశమంతా తిరిగే డిస్కులో పెట్టింది.

"నువ్వు విన్నావా ఇది?"

ఓస్మెల్ తలూపాడు.

"ఏముందిరా?"

"నేను చెప్పేది కాదు పిన్నీ."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. ఈ చూపు ఈ వారం ఎక్కడో చూసింది. రొట్టెల క్యూలో చూసింది. గబగబా వెళ్లి తలుపు తెరిచింది. మెట్ల మీద తొమాసా నిలబడి ఉంది, ఆవిడ వెనక ఇంకా నలుగురైదుగురు. కత్తి దెబ్బ చప్పుడుకు వచ్చినవాళ్లు కాదు, ముందునుంచే ఉన్నవాళ్లు.

"మీరు కూడా విన్నారా?"

"బుధవారం ఓస్మెల్ ఇచ్చాడు వదినా," అంది తొమాసా. "తూర్పు సీరియలంటే నాకిష్టమని ముందే ఇస్తాడుగా. గొంతు విని గుర్తుపట్టి అందర్నీ పిలిచాను. నీకెలా చెప్పాలో తెలియక ఫ్లాన్ చేసుకొచ్చాను."

"అంటే నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట."

తొమాసా ఒక మెట్టు పైకి ఎక్కి, ఆవిడ చెయ్యి పట్టుకుని, మళ్లీ వదిలేసింది. "కూర్చుని విను వదినా. మేం ఇక్కడే ఉంటాం. పిలిస్తే వస్తాం."

ఎల్పీడియా ఓస్మెల్‌ను బయటికి పంపి తలుపు మూసింది. గడియ వేసింది. వెయ్యడంలో అర్థం లేదని తెలిసీ వేసింది. కెమెరా మీది ప్లాస్టరును బొటనవేలితో ఒకసారి గట్టిగా అదిమింది. కూర్చుని, అట్టడుగున ఉన్న ఆ పేరులేని ఫైలు మీద నొక్కింది.

సముద్రపు హోరు. ఆయాసపడుతున్న ఊపిరి. గొంతు సగానికి తగ్గింది, కానీ అదే గొంతు.

"ఎల్పీడియా, గదిలో ఎవరైనా ఉంటే బయటికి పంపెయ్యి. ఈ భాగం లోకంలో నీ ఒక్కదానికే." దగ్గు. మళ్లీ హోరు. "ఆ పిల్ల కత్తి చప్పుడు విని కుర్రాడు తలెత్తాడని చెప్పాను చూడు. ఇన్నేళ్లూ నువ్వు నమ్మావు. అది అబద్ధం. ఆ రోజు ఆ కుర్రాణ్ని, అంటే నన్ను, ఆ పీట ఎక్కించిందే నీ కోసం. ఎవరు ఎక్కించారో ఇప్పుడు చెబుతాను..."